యూనివర్సిటీ ఉద్యోగుల ఎన్నికలు: గెలిచినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు, ఎవరికి జవాబు చెప్పాలి?

మా నాన్న ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరయ్యారు. ఉద్యోగుల సంఘం ఎన్నికలు వచ్చాయంటే రెండు వారాలు ఇంట్లో అదే మాట. గులాబీ రంగు కాగితం మీద అచ్చేసిన కరపత్రాలు, వాటి మీద ప్యానెల్ మొత్తం ఫొటోలు, సాయంత్రం ఆరింటికి వచ్చి "అన్నా, ఈసారి మనవాడికే" అని చెప్పి టీ తాగి వెళ్లేవాళ్లు. ఓసారి అధ్యక్ష పదవికి నిలబడ్డ ఒకాయన మా వరండాలో కూర్చుని ఉండగా నాన్న అడిగారు, "డీఏ బకాయిల సంగతి ఈసీలో అడుగుతావా తమ్ముడూ?" అని. "తప్పకుండా అడుగుతానన్నా" అన్నాడాయన.

ఆయన గెలిచినా ఈసీ, అంటే యూనివర్సిటీని నడిపే ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, సమావేశంలో కుర్చీ దొరకదని, దొరికినా డీఏ (కరువు భత్యం) రేటు నిర్ణయించే అధికారం ఈసీకి కూడా లేదని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఆయన అబద్ధమాడాడని నేను అనను. అడిగిన మనిషికీ, మాటిచ్చిన మనిషికీ ఆ తేడా అప్పటికి తెలియదు. ఇప్పటికీ చాలామందికి తెలియదు, పైగా 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక "51 శాతం ఉంటేనే సంఘానికి గుర్తింపట" అన్న మాట క్యాంపస్‌లలో కూడా తిరుగుతుండటంతో గందరగోళం ఇంకా పెరిగింది. అందుకే మొదటి నుంచి వద్దాం.

ప్రతినిధి అనే ఒక్క మాటకి రెండు వేర్వేరు పనులు

యూనివర్సిటీ ఉద్యోగి తోటి ఉద్యోగుల తరఫున ఎన్నికల్లో నిలబడటం అంటే రెండు రకాలు.

ఒకటి, సంఘం ఎన్నిక. అధ్యాపకులకు ఒక సంఘం, బోధనేతర సిబ్బందికి ఒకటి, కొన్నిచోట్ల టెక్నికల్ సిబ్బందికి, నాలుగో తరగతి ఉద్యోగులకు వేరే సంఘాలు ఉంటాయి. అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి, కార్యవర్గం. వీళ్లు యాజమాన్యానికి ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్లు. వాళ్ల బాధ్యత సభ్యులకే. సభ్యుల మేలు కోసం యూనివర్సిటీతో గొడవ పడటం వాళ్ల పనిలో భాగం.

రెండోది, పాలక మండలి ఎన్నిక. పాలక మండలి అంటే యూనివర్సిటీని నడిపే చట్టబద్ధ సంస్థ. మన దగ్గర ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, క్లుప్తంగా ఈసీ. చదువులకు సంబంధించిన విషయాలకు అకడమిక్ కౌన్సిల్ లేదా అకడమిక్ సెనేట్. ఇక్కడికి ఉద్యోగుల ఓటుతో వెళ్లినవాళ్లు యాజమాన్యానికి ఎదురుగా కూర్చోరు, యాజమాన్యంలోనే కూర్చుంటారు. నియామకాలు, ప్రమోషన్లు, బడ్జెట్, క్రమశిక్షణ చర్యలు, వీటి మీద చెయ్యెత్తుతారు.

కాబట్టి ఏ అభ్యర్థి అయినా ఓటు అడిగినప్పుడు మొదట తెలుసుకోవాల్సింది, గెలిస్తే ఆ మనిషి ఏ సమావేశంలో కూర్చుంటాడన్నది. మిగతా చిక్కులన్నీ అక్కడి నుంచే వస్తాయి.

సంఘానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణ నుంచి వస్తుంది. చాలా యూనివర్సిటీ సంఘాలు సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటాయి, కొన్ని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద (ఇప్పుడు దాని స్థానంలో కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది). పైకి ఒకేలా కనిపించినా తేడా ఉంది. సొసైటీ అంటే కొందరు ఒక ప్రయోజనం కోసం కలిసి ఏర్పాటు చేసుకున్న సంస్థ, అంతవరకే. ట్రేడ్ యూనియన్‌కి మాత్రం కార్మిక వివాదాల్లో చేసే పనులకు కొన్ని సివిల్, క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఉంటుంది.

కానీ సంఘం పెట్టుకునే హక్కు వేరు, ఆ సంఘం అడిగింది యాజమాన్యం వినాలన్న హక్కు వేరు. బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే ఈ సంగతి చెప్పేసింది. సంఘంగా ఏర్పడటం ప్రాథమిక హక్కే, బేరమాడి సాధించుకోవడం, సమ్మె చేయడం మాత్రం ఆ హక్కులో భాగం కావు. 2003లో తమిళనాడు ప్రభుత్వోద్యోగుల కేసులో కూడా సమ్మె ప్రాథమిక హక్కు కాదనే చెప్పింది. అందువల్ల సంఘం నాయకుడి చేతిలో నిజంగా ఉండేవి వినతిపత్రం, చర్చలు, నల్లబ్యాడ్జీలు, పెన్‌డౌన్, ధర్నా, అవేవీ కాకపోతే హైకోర్టు. వీటిలో ఏది పనిచేస్తుందన్నది ఆయన వెనక ఎంతమంది ఉన్నారన్నదాని మీదే ఆధారపడుతుంది. సంఘం ఎన్నికలో పోలింగ్ శాతం తక్కువైతే గెలిచినవాడికి కూడా నష్టమే, రిజిస్ట్రార్ ముందు కూర్చున్నప్పుడు ఆ సంఖ్య రిజిస్ట్రార్‌కి కూడా తెలుసు కదా.

డీఏ విషయానికొస్తే, రాష్ట్ర యూనివర్సిటీల్లో జీతాలకు ప్రభుత్వం బ్లాక్ గ్రాంట్ ఇస్తుంది, డీఏ రేట్లు ప్రభుత్వ ఉత్తర్వులతో మారతాయి. అంటే నాన్న అడిగిన ప్రశ్నకు సరైన చోటు సచివాలయంలో ఆర్థిక శాఖ. దాన్ని కదిలించాలంటే ఒక్క యూనివర్సిటీ సంఘం సరిపోదు, రాష్ట్రంలోని సంఘాలన్నీ జేఏసీగా కలవాలి. వరండాలో కూర్చున్న ఆ అభ్యర్థి "అన్నా, అది ఈసీలో తేలేది కాదు, జేఏసీలో పట్టుబడతాను" అని ఉంటే అది నెరవేర్చగలిగే మాట అయ్యుండేది.

మన పాలక మండళ్లలో ఓటుతో వచ్చే కుర్చీ ఎందుకు లేదు

తెలుగు రాష్ట్రాల్లో ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర లాంటి యూనివర్సిటీలకు ఒకప్పుడు వేర్వేరు చట్టాలు ఉండేవి. అప్పటి పాలక సంస్థల పేర్లయిన సెనేట్, సిండికేట్ అనే మాటలు పాతవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తాయి, ఎన్నికలూ ఆ పద్ధతిలో భాగంగా ఉండేవి. 1991లో ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల చట్టం వచ్చి వీటన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చింది. సిండికేట్ స్థానంలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక అదే చట్టం అక్కడ తెలంగాణ పేరుతో కొనసాగుతోంది. ఈ ఈసీలో విద్యా శాఖ, ఆర్థిక శాఖ అధికారులు పదవి రీత్యా ఉంటారు. అధ్యాపకులకూ చోటు ఉంది, కానీ ఆ అధ్యాపకుల్ని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. ఉద్యోగులు ఓటేసి పంపే సీటు లేదు.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయాల్సింది కాదు. సెనేట్, సిండికేట్ ఎన్నికల కాలంలో క్యాంపస్ అంతా వర్గాలుగా చీలిపోయేదని, ఓట్ల కోసం ప్రమోషన్ల మీద హామీలు ఇచ్చేవాళ్లని, గెలిచినవాడు తన వర్గం ఫైళ్లే ముందుకు నెట్టేవాడని అంటారు. యూనివర్సిటీ డబ్బు ప్రజలది కాబట్టి దాని లెక్క ప్రభుత్వానికి చెప్పేవాళ్లే మండలిలో ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం. వ్యతిరేకించేవాళ్లు అడిగేది ఒకటే: ప్రభుత్వం నామినేట్ చేసిన అధ్యాపకుడు ప్రభుత్వానికి నచ్చని మాట ఈసీలో ఎలా అనగలడు? ప్రభుత్వం మారగానే ఈసీ కూడా మారడం మనం చూస్తూనే ఉన్నాం. నా మటుకు నాకు రెండో వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే వర్గాలు నామినేషన్ పద్ధతిలో కూడా ఉంటాయి, కాకపోతే అవి క్యాంపస్‌లో కాకుండా హైదరాబాద్‌లోనో అమరావతిలోనో తేలతాయి.

ఢిల్లీలో రెండు ఎన్నికలూ ఉన్నాయి

ఢిల్లీ యూనివర్సిటీని చూస్తే తేడా కళ్లకు కడుతుంది. అక్కడ అధ్యాపకుల సంఘం డూటా, దానికి రెండేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి, అధ్యక్షుడితో పాటు 15 మంది కార్యవర్గ సభ్యుల్ని ఎన్నుకుంటారు. ఇది సంఘం. దీనికి పూర్తిగా వేరుగా ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కి ఇద్దరు, అకడమిక్ కౌన్సిల్‌కి 26 మంది అధ్యాపకులు ఓటుతో వెళ్తారు. ఓటర్లలో ఎక్కువమంది వాళ్లే, అభ్యర్థుల్ని నిలబెట్టే వర్గాలూ దాదాపు అవే, చేసే పని మాత్రం వేరు.

ఆ కుర్చీల వల్ల ఏం సాధ్యమవుతుంది? 2021 ఆగస్టులో జాతీయ విద్యా విధానం కింద నాలుగేళ్ల డిగ్రీ ప్రతిపాదన అకడమిక్ కౌన్సిల్‌కి, తర్వాత ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కి వచ్చింది. ఎన్నికైన సభ్యుల్లో కొందరు లిఖితపూర్వకంగా అసమ్మతి తెలిపారు. అయినా అది ఆమోదం పొందింది, మరుసటి ఏడాది నుంచి అమలైంది. మైనారిటీలో ఉన్న సభ్యుడు నిర్ణయాన్ని ఆపలేడు. కానీ ఎజెండా కాగితాలు ముందే అతని చేతికి వస్తాయి, సమావేశంలో ప్రశ్న అడగగలడు, తన అభ్యంతరాన్ని రికార్డు చేయించగలడు. సంఘం నాయకుడికి గేటు బయట మైకు ఉంటుంది, ఇతనికి లోపల ఫైలు ఉంటుంది. రెండూ కావాలి, ఒకటి ఉంటే చాలు రెండోది అక్కర్లేదు అనుకోవడం పొరపాటు.

స్కాట్లాండ్ చట్టం, డండీ యూనివర్సిటీ అనుభవం

ఉద్యోగులకు పాలక మండలిలో చోటు ఇవ్వడాన్ని చట్టంలోనే రాసిపెట్టిన దేశాల్లో స్కాట్లాండ్ ఒకటి. 2016లో అక్కడి పార్లమెంటు చేసిన ఉన్నత విద్య పాలన చట్టం ప్రకారం ప్రతి యూనివర్సిటీ పాలక మండలిలో సిబ్బంది తమలోంచి ఓటుతో ఎన్నుకున్న ఇద్దరు ఉండాలి. దానికి తోడు అధ్యాపకుల యూనియన్ పంపే ఒకరు, సహాయక సిబ్బంది యూనియన్ పంపే ఒకరు, విద్యార్థుల నుంచి ఇద్దరు. మండలికి అధ్యక్షత వహించే బయటి వ్యక్తిని కూడా సిబ్బంది, విద్యార్థులు, మండలి సభ్యులు కలిసి ఓటేసి ఎన్నుకుంటారు.

ఓటుతో వచ్చే సీటు, యూనియన్ పంపే సీటు రెండింటినీ పక్కపక్కన పెట్టారు, గమనించండి. యూనియన్‌లో చేరని ఉద్యోగి గొంతు మొదటి దాంట్లో వినిపిస్తుంది. సంఘటిత శక్తి రెండో దాంట్లో. ఆ రెండూ ఒకటే అయితే ఎవరో ఒకరి గొంతు పోతుందని వాళ్లు అనుకుని ఉండాలి, ఆ ఆలోచన నాకు బాగా నచ్చింది.

అయితే కుర్చీ ఉన్నంత మాత్రాన అంతా బాగుపడుతుందా? మన పిల్లలు కూడా చదువుకోడానికి వెళ్లే డండీ యూనివర్సిటీ 2024 చివర్లో పెద్ద ఆర్థిక సంక్షోభంలో పడింది. లోటు సుమారు మూడున్నర కోట్ల పౌండ్లు. ప్రిన్సిపాల్ రాజీనామా చేశారు. 2025 మార్చిలో 632 ఉద్యోగాలు తీసేసే ప్రణాళిక బయటపెట్టారు, తర్వాత ఆ సంఖ్య తగ్గించారు. ఏం జరిగిందో తేల్చడానికి ప్రొఫెసర్ పమేలా గిలీస్ చేసిన విచారణ నివేదిక అదే ఏడాది జూన్‌లో వచ్చింది. పై స్థాయి నాయకత్వమూ, పాలక మండలి పర్యవేక్షణా రెండూ విఫలమయ్యాయని, ప్రశ్నించడాన్ని ప్రోత్సహించని వాతావరణం ఉందని ఆ నివేదిక చెప్పింది. తాత్కాలిక ప్రిన్సిపాల్ కూడా తప్పుకున్నారు. సిబ్బంది ప్రతినిధులు చట్టప్రకారం మండలిలో ఉండగానే ఇదంతా జరిగింది. లెక్కల కాగితం సరిగ్గా ముందుకు రాకపోతే, వచ్చినా ప్రశ్న అడిగినవాణ్ణి ఇబ్బంది పెట్టేవాడిగా చూస్తే, ఓటుతో వచ్చిన సభ్యుడు కూడా ఏమీ చేయలేడు.

ఉద్యోగాల కోత ఓటుకి వస్తే: ఒక ఉదాహరణ

అసలు ముడి ఇక్కడే ఉంది, కాసేపు ఆగుదాం. సుజాత అనే లైబ్రరీ ఉద్యోగిని సిబ్బంది ఓటేసి పాలక మండలికి పంపారనుకోండి. ఆరు నెలల తర్వాత మండలి ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది: లైబ్రరీలో 20 పోస్టులు తగ్గించాలి, లేకపోతే రెండేళ్లలో జీతాలకే డబ్బుండదు. కాగితాల మీద "రహస్యం" అని ఉంది. సాయంత్రం సహోద్యోగి ఫోన్ చేసి, "ఏంటక్కా, మన సెక్షన్ తీసేస్తారట, నిజమేనా?" అని అడిగాడు.

సుజాత సంఘం కార్యదర్శి అయ్యుంటే జవాబు తేలిక. తెలిసింది చెప్పేస్తుంది, మర్నాడు గేట్ మీటింగ్ పెడుతుంది. కానీ ఆమె మండలి సభ్యురాలు. స్కాట్లాండ్‌లో యూనివర్సిటీలు ధార్మిక సంస్థల కిందకు వస్తాయి కాబట్టి అక్కడి 2005 నాటి చట్టం ప్రకారం మండలి సభ్యులందరూ, వాళ్లు ఎవరి ఓటుతో వచ్చినా, సంస్థ ప్రయోజనం కోసమే పనిచేయాలి. అంటే సిబ్బంది ఆమెను ఎన్నుకున్నారు, కానీ సిబ్బంది ఏం చెబితే దానికే చెయ్యెత్తాలన్న నియమం లేదు. పైగా తన సొంత ఉద్యోగమే ఆ 20లో ఉంటే ఆ విషయం ముందే వెల్లడించాలి, ఆ చర్చ నుంచి తప్పుకోవాల్సి కూడా రావచ్చు.

అలాంటప్పుడు ఆమె వల్ల ఉపయోగం ఏంటని ఓటర్లకు కోపం రావడం సహజమే. యాజమాన్యాలు కూడా ఈ "సంస్థ ప్రయోజనం" అన్న మాటను నోరు మూయించడానికి వాడుకుంటాయన్నది యూనియన్ల ఫిర్యాదు, అందులో నిజం లేకపోలేదు. కానీ సంస్థ ప్రయోజనం అంటే వైస్ చాన్సలర్ చెప్పిందే అని ఏ చట్టంలోనూ లేదు. రాత్రి తొమ్మిదింటికి లైబ్రరీ కౌంటర్ దగ్గర ఎంతమంది విద్యార్థులు నిలబడి ఉంటారో సుజాతకి తెలుసు, మండలిలో మిగతా పాతికమందికి తెలియదు. "20 పోస్టులు తీసేస్తే రాత్రి షిఫ్ట్ ఎత్తేయాలి, ఆ లెక్క కాగితంలో ఎక్కడుంది?" అని అడగడం సంస్థ ప్రయోజనమే. సహోద్యోగికి మాత్రం, "తమ్ముడూ, లోపలి సంగతి చెప్పలేను, నువ్వు యూనియన్‌తో అడిగించు, అక్కడ జవాబివ్వక తప్పదు" అని చెప్పాలి. మైకూ ఫైలూ రెండూ కావాలని ఇందాక అన్నది ఇందుకే.

ఎలా లెక్కిస్తారన్న దాన్ని బట్టి గెలుపు మారిపోతుంది

దీన్ని త్వరగా చూద్దాం. 600 మంది ఓటేశారు, ముగ్గురు పోటీ. ఒకరికి 230, రెండో ఆయనకి 210, మూడో ఆవిడకి 160. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుపు అనే పద్ధతిలో 230 వచ్చినాయన అధ్యక్షుడు, అంటే 38 శాతంతో. ఇప్పుడు ఇదే ఎన్నికను ప్రాధాన్య ఓటుతో, మన ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగా పెట్టారనుకోండి. సగానికి ఒకటి ఎక్కువ, అంటే 300 దాటాలి. ఎవరూ దాటలేదు కాబట్టి చివర ఉన్న ఆవిడను తప్పించి ఆ 160 కాగితాల్లో రెండో ప్రాధాన్యం చూస్తారు. 100 రెండో ఆయనకి, 40 మొదటాయనకి, 20 కాగితాల్లో రెండో అంకె వేయనే లేదు. ఇప్పుడు లెక్క 310, 270. గెలిచింది రెండో ఆయన. కాగితాలు అవే, గెలిచిన మనిషి మారిపోయాడు. అందుకే మీ సంఘం నియమావళిలో ఏ పద్ధతి రాసి ఉందో నోటిఫికేషన్ రాకముందే చూసుకోవడం మంచిది.

ఎమ్మెల్సీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికలో యూనివర్సిటీ అధ్యాపకులకు ఓటు ఉంటుంది, బోధనేతర సిబ్బందికి ఉండదు, వాళ్లు డిగ్రీ ఉంటే పట్టభద్రుల స్థానంలో నమోదు కావాలి. ఓటరు టీచర్ అయి ఉండాలి గానీ అభ్యర్థి టీచరే కానక్కర్లేదు. అది శాసన మండలి ఎన్నిక, క్యాంపస్ ప్రతినిధుల ఎన్నికతో దానికి సంబంధం లేదు.

51 శాతం గొడవ ఏంటి

కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఒక సంస్థ మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్న యూనియనే యాజమాన్యంతో బేరమాడే ఏకైక యూనియన్. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గని యూనియన్లతో చర్చల మండలి ఏర్పాటవుతుంది. 400 మంది ఉన్నచోట ఒక యూనియన్‌కి 190, ఇంకోదానికి 120, మూడోదానికి 60 అనుకుందాం. 204 ఎవరికీ లేవు. మండలిలో మొదటి రెండే కూర్చుంటాయి, 60 మంది ఉన్న మూడోది 80కి చేరలేదు కాబట్టి బయటే.

ఇది యూనివర్సిటీకి వర్తిస్తుందా అంటే రెండు మెట్లు ఎక్కాలి. మొదటిది, యూనివర్సిటీ "పరిశ్రమ" అవుతుందా? 1963లో సుప్రీంకోర్టు ఢిల్లీ యూనివర్సిటీ కేసులో కాదంది. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం అవుతుందంది. 2017లో ఆ తీర్పును మళ్లీ చూడమని తొమ్మిదిమంది ధర్మాసనానికి నివేదించారు. ఈలోగా కొత్త కోడ్ తన సొంత నిర్వచనంలో ధార్మిక, సేవా సంస్థల్ని మినహాయించింది. రెండో మెట్టు, ఉద్యోగి "కార్మికుడు" అవుతాడా? టీచర్లు కారని 1988లో గోవా టీచర్ కేసులో తేల్చేశారు. గుమాస్తాలు, టెక్నీషియన్లు, అటెండర్లు ఆ నిర్వచనంలోకి వచ్చే పనే చేస్తారు, కానీ నెలకు 18,000 దాటి జీతం తీసుకుంటూ పర్యవేక్షణ పని చేసేవాళ్లు రారు. కాబట్టి అధ్యాపకుల సంఘానికి ఈ 51 శాతంతో పని లేదు. బోధనేతర సంఘాలు మాత్రం తాము ఏ చట్టం కింద రిజిస్టర్ అయ్యామో ఒకసారి ఫైలు తీసి చూసుకోవాలి, సొసైటీగా మాత్రమే రిజిస్టరైన సంఘం ఈ లెక్కలోకే రాదు.

ఓటర్ల జాబితాలో ఎవరి పేరు ఉండదు

నాన్న రిటైరవ్వడానికి ముందు జరిగిన ఎన్నికల రోజు నేనూ వెళ్లాను. పరిపాలన భవనం మెట్ల దగ్గర రెండు ప్యానెళ్లవాళ్లు టెంట్లు వేసుకుని స్లిప్పులు ఇస్తున్నారు. అదే మెట్లు పదేళ్లకు పైగా ఊడుస్తున్న ఒకామె చీపురు పక్కన పెట్టి, "సారూ, మాకు ఉండదా ఓటు?" అని నాన్నని అడిగింది. నాన్న జాబితా తిరగేశారు. ఉండదు. ఆమె జీతం యూనివర్సిటీ డబ్బుతోనే వస్తుంది, కానీ ఏజెన్సీ ద్వారా వస్తుంది. సంఘం నియమావళిలో సభ్యత్వం రెగ్యులర్ ఉద్యోగులకే అని ఉంది.

కాంట్రాక్టు అధ్యాపకులు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది లేకుండా ఈరోజు ఏ రాష్ట్ర యూనివర్సిటీ నడవదు. వాళ్లని సభ్యులుగా చేర్చుకుంటే రెగ్యులర్ వాళ్ల ప్రమోషన్లు, పెన్షన్ డిమాండ్లు వెనక్కి పోతాయని కొందరి భయం. చేర్చుకోకపోతే సంఘం ఏటికేడు చిన్నదైపోతుందని, ఖాళీ అయిన ప్రతి పోస్టుతో ఒక ఓటరు తగ్గిపోతున్నాడని ఇంకొందరి ఆందోళన. కొత్త కోడ్ కూడా మస్టర్ రోల్‌నే లెక్కపెడుతుంది, ఆమె పేరు ఉండేది ఏజెన్సీ రోల్‌లో.

ఆమెలాంటివాళ్లు సొంతంగా యూనియన్ పెట్టుకోవచ్చు. కనీసం ఏడుగురు ఉండాలి, సంస్థలో పదోవంతు మందో వందమందో, ఏది తక్కువైతే అంత మద్దతు చూపించాలి. పెట్టుకున్నాక చట్టం దృష్టిలో వాళ్లు మాట్లాడాల్సింది ఏజెన్సీతో. టెండర్ ముగియగానే ఏజెన్సీ మారుతుంది, ఒప్పుకున్న మాటలు పాత ఏజెన్సీతోనే పోతాయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆరోజు నాన్న ఆమెకి ఇదంతా చెప్పలేదు. "లేదమ్మా" అన్నారు. ఆమె చీపురు తీసుకుని, టెంట్ల కింద అప్పటికే పడి ఉన్న గులాబీ కరపత్రాలు ఊడవడం మొదలుపెట్టింది.